డాక్టరుకి కనబడేది మంచి రోజే, మరి చెడ్డ రోజుల లెక్క ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఉదయసంధ్య

అందరికీ నమస్కారం. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళు వాచి, నొప్పెట్టి, బిగుసుకుపోయే జబ్బు. మందులు మానకుండా వాడుతున్నాను. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరుగారు అడిగేది ఒకటే: "మీ పనులు మీరు చేసుకోగలుగుతున్నారా?" ఏం చెప్పాలో నాకు తోచదు. ఒకరోజు జడ నేనే వేసుకుంటాను. రెండు రోజులు పోయాక దువ్వెన వేళ్ళ మధ్య నిలవదు. పొద్దున ఆరింటికి బొత్తం పెట్టుకోలేని చేతులే పదకొండయ్యేసరికి అదే బొత్తాన్ని మామూలుగా పెట్టేస్తాయి. చేసుకోగలను అంటే అబద్ధం, చేసుకోలేను అన్నా అబద్ధమే.

పైగా నేను ఆసుపత్రికి వెళ్ళేది కదలగలిగిన రోజునే. మరీ బాగా లేకపోతే అపాయింట్‌మెంటు వాయిదా వేసుకుంటాను. కాబట్టి ఆయన కంటికి కనబడేది ఎప్పుడూ నా మంచి రోజే, అదీ మధ్యాహ్నం వేళ, వేళ్ళు వదులయ్యాక.

నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో కొన్నాళ్ళు రాశాను. పేజీ నిండా అయిదులూ ఆరులే. అయిదు వేసిన రోజున తల దువ్వుకున్నానో లేదో ఆ అంకె చెప్పదు. ఇలా హెచ్చుతగ్గులుండే జబ్బుతో మీరెవరైనా రోజువారీ పనితనాన్ని ఎలా కొలుచుకుంటున్నారు? చేతులు బాగా లేని రోజున నేను పెన్ను పట్టుకోలేను, అసలు రాయాల్సింది ఆ రోజు గురించే. అది కూడా చూసుకుని చెప్పండి.

జవాబు: తీగమల్లె

సంధ్యగారూ, మీకున్న జబ్బే నాకూ చాలా ఏళ్ళుగా ఉంది. మీరు అడిగింది చిన్న విషయం కాదు. మందు మార్చాలా వద్దా అన్నది చాలాసార్లు మనం చెప్పే ఆ ఒక్క మాట మీదే ఆధారపడుతుంది.

నొప్పి అంకె పక్కన పెట్టండి. ఎలాగూ రోజూ చేయాల్సిన పనులు మూడో నాలుగో ఎంచుకోండి. నావి ఇవి: తల దువ్వుకోవడం, బొత్తాలు, తాళంచెవి తిప్పడం, కుర్చీలోంచి లేవడం. ఒక్కొక్కదానికి 0 నుంచి 3 దాకా వేస్తాను. ఇబ్బంది లేకుండా చేస్తే 0, కొంచెం కష్టమైతే 1, చాలా కష్టమైతే 2, చేయలేకపోతే 3. ఇది నేను కల్పించింది కాదు, 1980లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన హెచ్‌ఏక్యూ (హెల్త్ అసెస్‌మెంట్ క్వశ్చనేర్) అనే ప్రశ్నావళిలోని కొలతే. అందులో ఎనిమిది విభాగాల్లో 20 ప్రశ్నలుంటాయి, అన్నీ గడిచిన వారం గురించి. ఆ పేరు చెబితే మీ రుమటాలజిస్టుకి వెంటనే అర్థమవుతుంది.

ఆ ప్రశ్నావళిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మూత తీసే పరికరమో పక్కమనిషి చెయ్యో వాడి పని పూర్తిచేస్తే, మీరు "కొంచెం కష్టం" అని పెట్టినా మామూలు లెక్కలో ఆ విభాగానికి కనీసం 2 పడుతుంది. మనం ఇక్కడే తక్కువ చేసి చెప్పుకుంటాం. సీసా మూత మా అబ్బాయి తీస్తాడు, నేను "వంట చేసుకుంటున్నానండీ" అంటాను. సాయం తీసుకున్నది తప్పకుండా రాయండి. బొత్తాలున్న బట్టలే కట్టడం మానేశారా, అదీ రాయండి. మానేసిన పని కాగితం మీద కనబడకపోతే జబ్బు నయమైనట్టే కనబడుతుంది.

పొద్దుటి బిగుతుకు రెండు సమయాలు చాలు. లేచింది 6 గంటలకి, పిడికిలి పూర్తిగా మూసుకున్నది 8:15కి, అంతే. "పొద్దున్న బిగుసుకుపోతున్నాయి" అన్న మాట కన్నా "రెండుంబావు గంటలు" అన్నది డాక్టరుకి ఎక్కువ పనికొస్తుంది. ఇరవై నిమిషాలకీ రెండు గంటలకీ ఆయన వేరే అర్థం తీస్తారు.

ఇక సగటు తీయకండి. సగం రోజులు 0, సగం రోజులు 3 వచ్చిన మనిషికీ, రోజూ ఒకటీ రెండుల మధ్య ఉండే మనిషికీ సగటు ఒక్కటే అవుతుంది. కానీ మొదటి మనిషి ఏ రోజు ఏ పని ఒప్పుకోవాలో తెలియక బతుకుతుంది. సగటుకు బదులు రోజులు లెక్కపెట్టండి: ఈ నెలలో తాళం తిప్పలేని రోజులెన్ని? ప్రపంచ ఆరోగ్య సంస్థవారి హూడాస్ 2.0 ప్రశ్నావళి చివర్లో కూడా ఇదే అడుగుతారు. గడిచిన 30 రోజుల్లో ఇబ్బందులు ఎన్ని రోజులున్నాయి, పనులు బొత్తిగా చేయలేకపోయినవి ఎన్ని, తగ్గించుకున్నవి ఎన్ని అని.

పెన్ను పట్టలేని రోజున ఫోనులో నాలుగు మాటలు చెప్పి రికార్డు చేయండి. "జడ మూడు, బొత్తాలు మూడు, తాళం రెండు, కుర్చీ ఒకటి." గొంతు కూడా సాక్ష్యమే.

జవాబు: నిదానం

నాది ఎంఈ/సీఎఫ్‌ఎస్, అంటే విశ్రాంతి తీసుకున్నా తీరని నీరసం, శ్రమపడితే ఇంకా ముదిరే జబ్బు. తీగమల్లె గారి పద్ధతి బాగుంది, కానీ మాలాంటివాళ్ళకి ఒక చిక్కుంది. పని చేసిన రోజున 0 పడుతుంది. దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. మామూలుగా 12 నుంచి 48 గంటల తర్వాత మొదలై రోజులు, ఒక్కోసారి వారాలు ఉంటుంది. తలస్నానం నిన్న చేస్తే మంచం ఇవాళ పడతాను. నిన్నటి గడిలో "స్నానం, ఇబ్బంది లేదు" అని ఉంటుంది!

అందుకని నేను ప్రతి పని పక్కనా రెండు గడులు ఖాళీగా వదిలి, మర్నాడు ఒకటి, ఆ మర్నాడు ఒకటి నింపుతాను. నార్వేలో తయారై 2024లో ప్రచురితమైన ఫంక్‌క్యాప్ అనే ప్రశ్నావళి కూడా "చేయగలరా" అని కాక, చేస్తే తర్వాత ఏమవుతుందని అడుగుతుంది. అది చదివినప్పుడు మా బాధ తెలిసినవాళ్ళు రాశారనిపించింది.

వాచీ చూపించే అడుగుల సంఖ్యని మాత్రం నమ్మకండి. నేను జాగ్రత్తగా విశ్రాంతి తీసుకున్న వారం అడుగులు తగ్గుతాయి, ఒళ్ళు బాగుంటుంది.

జవాబు: చేదోడు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, జబ్బున్నవాళ్ళు రోజువారీ పనులు చేసుకునేలా సాయపడటం నా వృత్తి. పాత కొలతలు చాలావరకు నిలకడగా ఉండే స్థితికి సరిపోతాయి. 1963 నాటి కాట్జ్ సూచీలో స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం మీంచి లేవడం, మలమూత్రాల అదుపు, తినడం అనే ఆరు పనులకీ సొంతంగానా, సాయంతోనా అన్నదే చూస్తారు. మంగళవారం ఒకలా గురువారం ఒకలా ఉండే మనిషికి అందులో చోటు లేదు.

నా దగ్గరికి వచ్చేవారిని ప్రతి పనికీ నాలుగు మాటలు అడుగుతాను. ప్రమాదం లేకుండా చేశారా? సరిగ్గా పూర్తయిందా? అదే రోజు అవసరమైతే మళ్ళీ చేయగలరా? ఎంతసేపు పట్టింది? బ్రిటన్‌లో వికలాంగుల భృతికి అర్హత చూసేటప్పుడు ఈ నాలుగే చూస్తారు. మామూలు మనిషికి పట్టే గరిష్ఠ సమయానికి రెట్టింపు దాటితే సకాలంలో చేసినట్టు కాదు. ఎక్కువ రోజులు ఎలా ఉందన్నదీ చూస్తారు. మంచి కొలత అని నా ఉద్దేశం. ఒక్కసారి చేసి చూపించడం వేరు, రోజూ చేసుకుంటూ బతకడం వేరు.

ఒక మనవి: బాగా లేని రోజున "ఎంత చేయగలనో చూద్దాం" అని పరీక్ష పెట్టుకోకండి. చేయలేదు అని రాసినా అది లెక్కే.

జవాబు: గోరువెచ్చన

నాకు లూపస్, ఒంటిలోని రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు. రోజూ రాస్తే పొద్దున లేవగానే ఎక్కడ నొప్పి ఉందా అని వెతుక్కోవడం అలవాటైపోయింది, మనసు చెడింది. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రెండు వారాలు మాత్రమే రాస్తున్నాను. మధ్యలో జబ్బు విజృంభిస్తే ఆ రోజులు విడిగా. నాకిది చాలు.

ఉదయసంధ్య

అందరికీ ధన్యవాదాలు. తీగమల్లె గారి నాలుగు పనులే నేనూ తీసుకుంటున్నాను, కుర్చీకి బదులు కుళాయి తిప్పడం పెడతాను, మణికట్టు అక్కడే మొరాయిస్తుంది. గోరువెచ్చన గారు చెప్పినట్టు రెండు వారాలే రాస్తాను. మరి ఇదంతా డాక్టరుగారికి ఎలా అందించను? నా ముందు ఆయన కూర్చునేది చాలా తక్కువసేపు.

తీగమల్లె

ఒక్క కాగితమే ఇవ్వండి. పైన రోజుల లెక్క: తాళం తిప్పలేనివి ఇన్ని, సాయం తీసుకున్నవి ఇన్ని, పొద్దుటి బిగుతు గంట దాటినవి ఇన్ని. కింద ఒక చెడ్డ రోజు, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అయిదారు వాక్యాల్లో. అడుగున మీరు అడగదలచుకున్న ప్రశ్న ఒకటి. కూర్చోగానే ఆయన చేతికివ్వండి, "ఎలా ఉన్నారు" అని అడగకముందే.