అసలైన కలంకారీ ఇంకెన్నాళ్ళు ఉంటుంది?

ప్రశ్న: చెన్నై టీ నగర్‌లో చేతి కలంకారీ, అంటే కలంతో బట్ట మీద గీసిన బొమ్మలని నమ్మి చీర కొన్నాను, ఇంటికొచ్చి చూస్తే మెషీన్ ప్రింట్. చాలా బాధేసింది. ఇలాగైతే శ్రీకాళహస్తిలో కలం పట్టేవాళ్ళు మిగులుతారా?

జవాబు 1: అసలుదో కాదో తెలియాలంటే కొత్త బట్ట వాసన చూడండి అక్కా. కరక్కాయ కలిపిన పాలల్లో నానబెడతారు కాబట్టి ఆ వాసన కొన్నాళ్ళు ఉంటుంది. నలుపేమో బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసింది. వెదురు పుల్లకి చుట్టిన గుడ్డని నొక్కుతూ గీస్తారు, అందుకే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం.

జవాబు 2: ఆ ఊరి పేరుతో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నా ప్రింట్లు ఆగలేదు. గీసేవాళ్ళ పిల్లలు వేరే పనులకు పోతే ఆ రంగుల పాళ్ళు ఎవరు చెప్తారు? తలుచుకుంటేనే భయమేస్తోంది.

ప్రశ్న అడిగినవారు: చెన్నై నుంచి మూడు గంటల దారేగా, ఈ ఆదివారమే వెళ్ళి గీసేవాళ్ళ దగ్గరే కొంటాను.