ఎలిప్సోమీటర్ రీడింగ్ రోజురోజుకీ పెరుగుతోంది: తేడా టూల్‌దా, వేఫర్‌దా?

తరమణి_ఆక్సైడ్:
చెన్నై ల్యాబ్. సింగిల్ వేవ్‌లెంగ్త్ ఎలిప్సోమీటర్ (తిరిగొచ్చే కాంతిని చూసి పూత మందం చెప్పే టూల్), 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్, 70 డిగ్రీల కోణం. రిఫరెన్స్ వేఫర్ (టూల్‌ని సరిచూడ్డానికి దాచుకున్న సిలికాన్ పళ్లెం) మీద 25 నానోమీటర్ల థర్మల్ ఆక్సైడ్, అంటే వేడితో పెంచిన ఆక్సైడ్ పొర. మూడు వారాల్లో రీడింగ్ 25.0 నుంచి 25.3కి పాకింది. సర్వీస్ వాళ్లు వచ్చి క్యాలిబ్రేషన్ చేసి బిల్లు చేతిలో పెట్టి వెళ్లారు, మళ్లీ అదే వరస. టూల్ మారుతోందా, వేఫర్ మారుతోందా ఎలా తేల్చాలి? వేఫర్ ఏ డబ్బాలో దాచాలి? గది 21 డిగ్రీల దగ్గర 1 డిగ్రీ అటూ ఇటూ ఊగుతోంది, దానివల్లా?

హెబ్బాళ్_స్టేజ్:
1 డిగ్రీ ఊగే గదిలో మెట్రాలజీ, అంటే కొలతల పని, ఏంటండీ! సిలికాన్ డిగ్రీకి పది లక్షల్లో 2.6 వంతులు సాగుతుంది. 300 మిల్లీమీటర్ల వేఫర్‌కి 0.1 డిగ్రీ తేడా వచ్చిందంటే ఆ అంచు నుంచి ఈ అంచుకి 78 నానోమీటర్లు. రెండు మూడు నానోమీటర్ల ఓవర్లే (కింది లేయర్ మీద పై లేయర్ ఎంత పక్కకి జరిగిందన్నది) కోసం కొట్టుకుంటున్న రోజులివి. ముందు ఏసీ సంగతి చూడండి, మిగతావి తర్వాత.

ఓవర్లే_గుంటూరు:
లెక్క కరెక్టే, వాడిన చోటు తప్పు. ఓవర్లే మార్క్ 30 మైక్రాన్లు ఉంటుంది. కింది లేయరూ పై లేయరూ ఆ 30 మైక్రాన్లలోనే, ఒకే సిలికాన్ మీద, కలిసే సాగుతాయి. 0.1 డిగ్రీకి ఆ మార్క్ మొత్తం సాగేది 0.008 నానోమీటర్లు. 78 అని చెప్పి కొత్తవాళ్లని బెదరగొట్టకండి.

ఓవర్లే టూల్‌లో అసలు దొంగ టిస్, అంటే టూల్ తనంతట తాను కలిపే షిఫ్ట్. వేఫర్‌ని 0 డిగ్రీల్లో ఒకసారి, 180 తిప్పి ఒకసారి కొలవండి. నిజమైన ఓవర్లే గుర్తు మార్చుకుంటుంది, లెన్సు తప్పు మార్చుకోదు. 0లో +3.1, 180లో −2.3 వస్తే కూడి సగం చెయ్యండి: టిస్ 0.4, దాన్ని 3.1లోంచి తీసేస్తే అసలు ఓవర్లే 2.7. ఇది ప్రతి లేయర్‌కీ విడిగా చూడాలి. ఒక లేయర్‌లో తీసిన టిస్‌ని ఇంకో లేయర్‌కి అంటించడం నేరం.

హెబ్బాళ్_స్టేజ్:
స్టేజ్ ఇంటర్‌ఫెరోమీటర్ (వేఫర్‌ని జరిపే పీట ఎక్కడుందో లేజర్‌తో కొలిచేది) మాటేంటి మరి? గాలి వక్రీభవన గుణకం డిగ్రీకి దాదాపు పది లక్షల్లో ఒక వంతు మారుతుంది. 300 మిల్లీమీటర్ల గాలి దారిలో 0.1 డిగ్రీకి 30 నానోమీటర్ల తప్పు. 152 మిల్లీమీటర్ల క్వార్ట్జ్ ఫోటోమాస్క్ (చిప్ డిజైన్ గీసి ఉండే పలక) కూడా 0.1 డిగ్రీకి 8 నానోమీటర్లు కదులుతుంది. మాస్క్ రిజిస్ట్రేషన్ (మాస్క్ మీద గీతలు ఉండాల్సిన చోటే ఉన్నాయా అన్నది) కొలిచేవాళ్లని అడగండి, గదిని డిగ్రీలో వందో వంతు దగ్గర ఎందుకు పట్టుకుంటారో చెబుతారు.

ఓవర్లే_గుంటూరు:
అది రిజిస్ట్రేషన్. మీరు పైన రాసింది ఓవర్లే అని. ఓవర్లే టూల్‌కి స్టేజ్ పని మార్క్‌ని కెమెరా కిందికి తేవడం వరకే. రెండూ కలిపేసి ఇప్పుడు మాట మారుస్తున్నారు.

హెబ్బాళ్_స్టేజ్:
మాట మార్చలేదు. గది ఊగితే లెన్సు అలైన్‌మెంటూ ఊగుతుంది, మీ టిస్ కూడా కదులుతుంది. అది ఒప్పుకోండి చాలు.

ఓవర్లే_గుంటూరు:
అది ఒప్పుకుంటా. 78 మాత్రం వెనక్కి తీసుకోండి.

నెల్లూరు_సెమ్:
వీళ్లిద్దరిదీ తేలేలా లేదు కానీ, సీడీ-సెమ్ (గీతల వెడల్పు కొలిచే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) వాడేవాళ్లకి ఒక్క మాట. రిపీటబిలిటీ పేరుతో ఒకే రెసిస్ట్ (కాంతి పడితే మారే పూత) గీతని పదిసార్లు కొలిచి సగటు తీస్తున్నారు, దయచేసి మానండి. 193 నానోమీటర్ల కాంతికి వాడే రెసిస్ట్ ఎలక్ట్రాన్ కిరణం పడ్డ ప్రతిసారీ కుంచించుకుపోతుంది. అదే ఆక్సైడ్ గీతైతే కార్బన్ పేరుకుని లావవుతుంది. జూమ్ తగ్గించి చూస్తే నల్లటి చదరం కనిపిస్తుంది, అదే సాక్ష్యం. పది రీడింగులూ వరసగా గ్రాఫ్ గీసి వెనక్కి, సున్నాసారి దగ్గరికి పొడిగించండి. ముట్టుకోక ముందు కొలత అదే.

వేలచ్చేరి_ఫ్రెషర్:
అన్నా, చిప్ తనిఖీ టూల్స్ చేసే కెఎల్ఏ కంపెనీ చెన్నై సెంటర్‌లో చేరాలంటే ఇమేజ్ ప్రాసెసింగ్ చాలా, ఆప్టిక్స్ కూడా చదవాలా?

పెరుంగుడి_పార్టికల్:
రెండూ చదువు తమ్ముడూ. ఫోటోమాస్క్ తనిఖీతో మొదలై, 1997లో టెంకర్ అనే ఇంకో కంపెనీతో కలిసిన కంపెనీ అది. ఆప్టిక్స్ లేకుండా అక్కడ అల్గారిథమ్ నడవదు. పదకొండేళ్లుగా డార్క్‌ఫీల్డ్ (చెదిరిన కాంతితో రేణువుల్ని పట్టే టూల్) మీద కూర్చుని చెబుతున్నా, ఒక్క సూత్రం గుర్తుపెట్టుకో: చిన్న రేణువు చెదరగొట్టే కాంతి దాని వ్యాసానికి ఆరో ఘాతంలో ఉంటుంది. సైజు సగమైతే సిగ్నల్ 64వ వంతు. తరంగదైర్ఘ్యానికి నాలుగో ఘాతంలో విలోమం, అందుకే 532 నుంచి 266 నానోమీటర్లకి దిగితే 16 రెట్లు దక్కుతుంది. ఇంకోటి. టూల్ చెప్పే రేణువు సైజు నిజమైన సైజు అనుకోకు. పాలిస్టైరీన్ గోళాలతో క్యాలిబ్రేట్ చేస్తారు కాబట్టి ఆ అంకెకి అర్థం 'ఇంత గోళం ఇచ్చేంత వెలుతురు' అని. అదే సైజు లోహపు తునక వేరే అంకె చూపిస్తుంది.

మల్లేశ్వరం_ఫిల్మ్:
తరమణి గారి ప్రశ్న గాల్లోనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. 10, 25, 100 నానోమీటర్ల ఆక్సైడ్ వేఫర్లు మూడు తీసుకోండి. మూడింటికీ సమానంగా 0.3 పెరిగితే పైన ఏదో పేరుకుంటోందని. గాల్లోని తేమ, ఆర్గానిక్ ఆవిర్లు. మందం పెరిగేకొద్దీ తేడా కూడా పెరిగితే టూల్ కోణాన్ని అనుమానించండి. తర్వాత వేఫర్‌ని హాట్‌ప్లేట్ మీద 250 డిగ్రీల్లో మూడు నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లారాక కొలవండి. రీడింగ్ దిగితే టూల్ నిర్దోషి.

10 నానోమీటర్ల దానికి వక్రీభవన గుణకం 1.46 దగ్గర లాక్ చేసి మందం ఒక్కటే ఫిట్ చెయ్యండి. అంత పల్చని ఫిల్మ్‌లో రెండూ వదిలితే ఒకదాని తప్పు ఇంకోటి మింగేసి ఫిట్ చక్కగా కనిపిస్తుంది, అంకె మాత్రం చెత్త. ఈ సెటప్‌లో ఆక్సైడ్ కొలత ప్రతి 283 నానోమీటర్లకీ తిరిగొస్తుందనీ మరవకండి. 20 అని చూపిస్తున్నది 303 కావచ్చు.

తరమణి_ఆక్సైడ్:
మల్లేశ్వరం గారూ, చేశాను. 10 వేఫర్ దొరకలేదు. 25, 100 రెండింటికీ 0.3 దగ్గరే పెరుగుదల. వేడి చేశాక 25.3 కాస్తా 25.02కి దిగింది. సర్వీస్ బిల్లు దండగే అన్నమాట. డబ్బా గురించి ఎవరైనా చెప్పండి, ఇప్పుడున్నది ప్లాస్టిక్‌ది, మూత తియ్యగానే వాసన కొడుతోంది.

మల్లేశ్వరం_ఫిల్మ్:
వాసన వస్తుంటే ఆ డబ్బానే వేఫర్ మీద పూత పూస్తోంది. నైట్రోజన్ పారే డెసికేటర్‌లో (తేమ చేరని పెట్టెలో), డబ్బా లేకుండా నేరుగా పెట్టండి. మూతకి వాక్యూమ్ గ్రీజు రాయకండి, అదీ ఆవిరై అంటుకుంటుంది. కొలిచే ముందు ప్రతిసారీ అదే 250, అదే మూడు నిమిషాలు, చల్లారడానికి అంతే టైము.

హెబ్బాళ్_స్టేజ్:
చల్లారిందో లేదో వేలితో చూడకండి. గది 1 డిగ్రీ ఊగుతోందని మళ్లీ గుర్తుచేస్తున్నా.